కంప్యూటర్ గ్రాఫిక్స్, డిజిటల్ బొమ్మలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా బొమ్మల పనిలో దిగినవాళ్లకు ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి మూలం ఒక్కటే: ఫైల్లోంచి ఒకసారి పోయిన సమాచారం మళ్లీ రాదు. అందుకని ముందు అసలు ఫైలును పక్కన పెట్టేసి, దాని కాపీ మీదే పని మొదలుపెట్టండి. కింది జవాబుల్లో సగం ఈ విషయం చుట్టూనే తిరుగుతాయి.

పిక్సెల్ అంటే చిన్న చతురస్రమేనా?

కాదు. పిక్సెల్ అంటే కొన్ని సంఖ్యలు, అంతే. డిజిటల్ ఫొటో అనేది అడ్డవరుసలు, నిలువు వరుసలు ఉన్న పెద్ద పట్టిక. ఒక్కో గడిలో ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు సంఖ్యలుంటాయి. మామూలు ఫొటోల్లో ఒక్కోటీ 0 నుంచి 255 వరకు ఉండొచ్చు. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు, మూడూ సమానమైతే మధ్యలో ఏదో ఒక బూడిద రంగు. 256ను మూడుసార్లు హెచ్చిస్తే 1,67,77,216. ప్రకటనల్లో చెప్పే '1.67 కోట్ల రంగులు' ఈ లెక్కే.

బాగా జూమ్ చేసినప్పుడు చతురస్రాలు కనిపించడానికి కారణం, సాఫ్ట్‌వేర్ ఆ సంఖ్యను ఒక గడిగా నింపి చూపించడమే. 1957లో రసెల్ కిర్ష్ అమెరికాలో తన పసిబిడ్డ ఫొటోను స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు దాని కొలత 176×176, అంటే 30,976 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ నలుపో తెలుపో, మధ్యలో ఏమీ లేదు. బూడిద ఛాయల కోసం అదే ఫొటోను వేర్వేరు స్థాయిల్లో పలుమార్లు స్కాన్ చేసి కలపాల్సి వచ్చింది.

రాస్టర్, వెక్టర్ అంటే ఏమిటి? ఏది ఎక్కడ వాడాలి?

పైన చెప్పిన సంఖ్యల పట్టికే రాస్టర్. వెక్టర్‌లో పట్టిక ఉండదు, ఆదేశాలుంటాయి: 'ఇక్కడ కేంద్రం, ఇంత వ్యాసార్ధం, ఈ రంగు నింపు'. ఏ సైజులో అడిగితే ఆ సైజులో అప్పటికప్పుడు గీసి ఇస్తుంది కాబట్టి గోడంత చేసినా అంచు పదునుగానే ఉంటుంది. వంపు గీతలకు బెజియే వక్రాలు వాడతారు. రెండు కొసలు, ఆ గీతను తమవైపు లాగే రెండు పిడులు, ఈ నాలుగు బిందువులతో ఒక వంపు తయారవుతుంది. ఫ్రాన్స్‌లో కార్ల బాడీలు గీయడానికి రెనో కంపెనీలో పియెర్ బెజియే, సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్తెల్జో విడివిడిగా పట్టుకున్న పద్ధతి ఇది. ఈరోజు మీరు చదివే దాదాపు ప్రతి ఫాంటులోని అక్షరం ఇలాంటి వంపుల కూర్పే.

లోగో, ఐకాన్, మ్యాప్, రేఖాచిత్రం అయితే వెక్టర్. ఫొటో, కుంచె పని అయితే రాస్టర్. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది: జేపెగ్ లోగోను వెక్టర్ సాఫ్ట్‌వేర్లో తెరిచి ఎస్‌వీజీగా (వెక్టర్ ఫైలు రకం) సేవ్ చేసి 'వెక్టర్ అయిపోయింది' అనుకోవడం. లోపల ఉన్నది ఆ పాత జేపెగ్గే, పైన కవరు మారిందంతే. అనుమానం వస్తే 800 శాతం జూమ్ చేసి అంచు చూడండి. మెట్లు మెట్లుగా ఉంటే అది రాస్టరే. అప్పుడు ట్రేస్ చేయాలి (రంగుల అంచుల వెంట సాఫ్ట్‌వేర్ చేతే వెక్టర్ గీతలు గీయించాలి), లేదా మళ్లీ గీయాలి. రెండు మూడు రంగుల లోగోకు ట్రేస్ బాగానే పనిచేస్తుంది. అంతకంటే చిక్కగా ఉంటే పిడులు పట్టుకుని గీసుకోవడమే తొందరగా తెములుతుంది.

ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి?

డబ్బు పెట్టక్కర్లేనివి చాలు. ఫొటో సవరణకు గింప్, బొమ్మలు వేయడానికి క్రిటా, వెక్టర్‌కు ఇంక్‌స్కేప్, 3డీకి బ్లెండర్. మెనూలు ఎక్కడున్నాయన్నది మారుతుంది గానీ లేయర్ (ఒకదానిమీద ఒకటి పేర్చే పొర), మాస్క్ (పొరలో కొంత భాగాన్ని దాచే తెర), కర్వ్ (వెలుగును సర్దే వంపు) అన్నిచోట్లా ఒకటే. గింప్‌లో 2012 నాటి 2.8 వెర్షన్ నుంచి 'సేవ్' నొక్కితే ఎక్స్‌సీఎఫ్ ఫైలు (గింప్ సొంత రకం) మాత్రమే వస్తుంది. జేపెగ్, పీఎన్‌జీ కావాలంటే 'ఎక్స్‌పోర్ట్ యాజ్'. విసుగ్గా అనిపించినా మంచి అలవాటే: లేయర్లున్న పని ఫైలు వేరు, బయటికి పంపే ఫైలు వేరు.

ఫైల్లో 72 డీపీఐ ఉంది, 300 కావాలన్నారు. ఎలా మార్చాలి?

ఆ సంఖ్యను మార్చడం క్షణం పని. కానీ దానివల్ల బొమ్మ ఏమీ మారదు. డీపీఐ అనేది ఫైలుకు కట్టిన చీటీ మాత్రమే, 'అచ్చు వేసేటప్పుడు అంగుళానికి ఇన్ని పిక్సెళ్లు పరచు' అని చెబుతుంది. తెరకు దాంతో పనే లేదు. అసలు చూడాల్సింది మొత్తం పిక్సెళ్లు ఎన్ని అన్నది.

లెక్క ఇలా. కావలసిన అంగుళాలను 300తో హెచ్చించండి. 4×6 అంగుళాల ప్రింటుకు 1200×1800 పిక్సెళ్లు. ఏ4 కాగితం 210×297 మిల్లీమీటర్లు, కాబట్టి 2480×3508. మీ ఫొటో 4000×3000 ఉంటే చీటీ మీద 72 అని ఉన్నా ఏ4కు హాయిగా సరిపోతుంది. 640×480 ఉంటే చీటీ మీద 300 అని రాసినంత మాత్రాన కుదరదు. 300 అన్నది కూడా శిలాశాసనం కాదు. అది చేతిలో పట్టుకుని దగ్గరగా చూసే కాగితానికి చెప్పిన లెక్క. పది అడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 100 కూడా ఎక్కువే.

గింప్‌లో ఇమేజ్ మెనూలోని 'ప్రింట్ సైజ్' చీటీని మాత్రమే మారుస్తుంది, 'స్కేల్ ఇమేజ్' పిక్సెళ్లను మారుస్తుంది. ఫొటోషాప్‌లో అయితే ఇమేజ్ సైజ్ పెట్టెలో 'రీశాంపుల్' టిక్కు తీసేసి మారిస్తే చీటీ మాత్రమే మారుతుంది. ఆ టిక్కు ఉందని గమనించకుండా 300ను 72 చేసి సేవ్ కొట్టి, 100 పిక్సెళ్లలో 94 పోగొట్టుకునేవాళ్లు ఎంతమందో. పొడవులో నాలుగో వంతు కంటే తక్కువ, వెడల్పులో నాలుగో వంతు కంటే తక్కువ, రెండూ కలిస్తే మిగిలేది ఆరు శాతం లోపే.

ఈ 72 ఎక్కడి నుంచి వచ్చిందంటారా? 1984 నాటి మెకింటాష్ తెరలో అంగుళానికి 72 పిక్సెళ్లుండేవి. తెరలు ఎప్పుడో మారిపోయాయి, సంఖ్య మాత్రం పట్టుకు వేలాడుతోంది.

పాత ఫొటోను ఎంత డీపీఐలో స్కాన్ చేయాలి?

ఎంత పెద్దగా అచ్చు వేస్తారో దాన్నిబట్టి. ఉన్న సైజులోనే అయితే 300. రెట్టింపు చేయాలంటే 600: 2×3 అంగుళాల ఫొటో అప్పుడు 1200×1800 వస్తుంది, 4×6కు సరిగ్గా సరిపోతుంది. స్కానర్ డబ్బా మీద రాసిన పెద్ద పెద్ద అంకెల్లో 'ఇంటర్‌పొలేటెడ్' అని ఉన్నది లెక్కలోకి తీసుకోకండి, అది సాఫ్ట్‌వేర్ ఊహించి నింపేది. పత్రికలో అచ్చయిన బొమ్మ అయితే చుక్కలు కలిసిపోయి అలలు అలలుగా వస్తాయి. 600లో స్కాన్ చేసి, కొద్దిగా బ్లర్ ఇచ్చి, ఆ తర్వాత సగానికి తగ్గించండి.

చిన్న బొమ్మను పెద్దది చేస్తే ఎందుకు మసకబారుతుంది?

500 పిక్సెళ్లున్న వరుసను 2000 చేయాలంటే 1500 సంఖ్యలు కొత్తగా పుట్టించాలి. చుట్టుపక్కల ఉన్నవాటిని చూసి సాఫ్ట్‌వేర్ అంచనా కడుతుంది. అంచనాకు పదును ఎక్కడి నుంచి వస్తుంది? 'నియరెస్ట్' పద్ధతి పక్క పిక్సెల్‌నే నకలు కొడుతుంది. క్యూఆర్ కోడ్, పిక్సెల్ ఆర్ట్, తెర చిత్రం (స్క్రీన్‌షాట్) వంటివాటికి అదే మంచిది, కానీ సరిగ్గా 2 రెట్లు, 3 రెట్లు అని పూర్ణాంకాల్లో పెంచాలి. ఫొటోలకు క్యూబిక్ గానీ లాంజోస్ గానీ ఎంచుకోండి.

ఏఐతో పెంచే సాధనాలు పదును చూపిస్తాయి, నిజమే. కానీ ఆ కనుబొమల వెంట్రుకలు, గుడ్డ నేత, దూరపు బోర్డు మీది అక్షరాలు అసలు ఫొటోలోవి కావు. 'ఇలాంటి చోట ఇలా ఉండొచ్చు' అని అది వేసినవి. గోడకు తగిలించే బొమ్మకు పర్వాలేదు. ఎవరి ముఖమో, బండి నంబరో తేల్చాల్సిన చోట వాడకూడదు.

తగ్గించేటప్పుడు తిప్పలు మరో రకం. ఇటుక గోడ, గళ్ల చొక్కా, జాలీ తలుపు వంటి సన్నటి పునరావృతాలు కొత్త పిక్సెళ్ల మధ్య దూరం కంటే దగ్గరగా ఉంటే లేని అలలు పుట్టుకొస్తాయి. వాటినే మోయిరే అంటారు. తగ్గించేటప్పుడు 'నియరెస్ట్' వాడకపోతే చాలావరకు తగ్గుతుంది. తగ్గించాక కొంచెం మెత్తబడుతుంది కాబట్టి షార్పెన్ (అంచుల పదును పెంచడం) ఎప్పుడూ చివర్లో, చివరి సైజు మీద చేయాలి.

జేపెగ్ ఎప్పుడు, పీఎన్‌జీ ఎప్పుడు?

ఫొటోకు జేపెగ్. అక్షరాలు, గీతలు, తెర చిత్రాలు, పారదర్శకత ఉన్నవాటికి పీఎన్‌జీ. ఎందుకో తెలియాలంటే జేపెగ్ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

1992లో ప్రమాణమైన జేపెగ్ ముందు ప్రతి పిక్సెల్‌ను వెలుగు, రంగు అని విడదీస్తుంది. మన కన్ను వెలుగులో తేడాను ఇట్టే పట్టేస్తుంది గానీ రంగులో సన్నటి వివరాన్ని పట్టుకోలేదు. అందుకని చాలాసార్లు రంగు భాగాన్ని పొడవులోనూ వెడల్పులోనూ సగానికి కుదించేస్తుంది. తర్వాత బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోస్తుంది. గడిలోని 64 సంఖ్యలను 'నెమ్మదిగా మారేవి, వేగంగా మారేవి' అనే 64 అలల మోతాదులుగా తిరగరాస్తుంది. వేగంగా మారే అలల మోతాదులను బండగా గుండ్రం చేస్తుంది, వాటిలో చాలావి 0 అయిపోతాయి. సున్నాల వరుసను కుదించి రాయడం తేలిక. ఫైలు చిన్నదవడంలో కిటుకు అదే. పోయింది కూడా అక్కడే.

ఆకాశం, చర్మం, ఆకులు ఈ కోతను తట్టుకుంటాయి. తెలుపు మీద నల్ల అక్షరం అంచు మాత్రం అన్నిటికంటే వేగంగా మారేది. ఆ అలలు కోస్తే అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు మచ్చలు వస్తాయి. తెలుపు మీద ఎర్ర అక్షరాలైతే మరీ అధ్వానం, ఎందుకంటే రంగు భాగం ముందే కుదించుకుపోయి ఉంటుంది.

1996లో వచ్చిన పీఎన్‌జీ ఏమీ పారేయదు. ఎన్నిసార్లు తెరిచి సేవ్ చేసినా ఒక్క సంఖ్య మారదు, పారదర్శకత కూడా ఉంటుంది. ఒకే రంగు విశాలంగా పరచుకున్న బొమ్మల్లో జేపెగ్ కంటే చిన్నగా కూడా వస్తుంది. ఫొటోను పీఎన్‌జీ చేస్తే మాత్రం ఫైలు అనవసరంగా ఉబ్బిపోతుంది. 1987 నాటి గిఫ్‌లో 256 రంగులకు మించి పట్టవు, ఇప్పుడు దాన్ని చిన్న కదిలే బొమ్మలకే ఉంచండి. వెబ్‌పీ, ఏవిఫ్ రెండూ జేపెగ్ కంటే గట్టిగా కుదిస్తాయి, బ్రౌజర్లు తెరుస్తాయి. అవతలివాళ్ల పాత సాఫ్ట్‌వేర్ తెరుస్తుందా లేదా అన్నదే చూసుకోవాలి. ఫోన్లలో వచ్చే హీక్ ఫైళ్లదీ అదే సంగతి.

జేపెగ్‌ను మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే పాడవుతుందా?

తెరిచి చూసి మూసేస్తే ఏమీ కాదు. కాపీ చేసినా, పంపినా కాదు (మెసేజింగ్ యాప్‌లు తామే మళ్లీ కుదిస్తాయి, వాటిలో 'డాక్యుమెంట్'గా పంపండి). మార్పు చేసి జేపెగ్‌గానే సేవ్ చేస్తే ప్రతిసారీ కోత పడుతుంది. ముఖ్యంగా పై అంచులో 3 పిక్సెళ్లు కత్తిరిస్తే 8×8 గళ్లన్నీ జరిగి, పాత గళ్ల అంచుల మీద కొత్త గళ్ల కోత పడుతుంది. పని జరుగుతున్నంతసేపు ఎక్స్‌సీఎఫ్, పీఎస్‌డీ లేదా టిఫ్‌లో ఉంచి, జేపెగ్ చివర్లో ఒక్కసారే తీయండి.

క్వాలిటీ ఎంత పెట్టాలి?

80 నుంచి 90 మధ్య. 100 పెడితే ఫైలు బాగా పెరుగుతుంది, కంటికి తేడా ఉండదు. ఆ సంఖ్య శాతం కాదు, ఒక సాఫ్ట్‌వేర్లోని 80 ఇంకోదాని 80తో సమానమూ కాదు. కాబట్టి ప్రివ్యూ చూసి నిర్ణయించుకోండి. ఎర్ర అక్షరాలున్న పోస్టరును తప్పనిసరిగా జేపెగ్ చేయాల్సి వస్తే ఎక్స్‌పోర్ట్ పెట్టెలో సబ్‌శాంప్లింగ్ 4:4:4 ఎంచుకోండి. రంగు కుదింపు ఆగిపోతుంది, అక్షరాలు బతుకుతాయి.

ఆన్‌లైన్ ఫారంలో 35×45 మిల్లీమీటర్ల ఫొటో 50 కేబీ లోపు అడుగుతోంది. కుదరడం లేదు.

చాలామంది 4 ఎంబీ ఫొటో తీసుకుని క్వాలిటీని 5కు దించి చూస్తారు. ముఖం గళ్లు గళ్లవుతుంది, ఫైలు ఇంకా 200 కేబీ దగ్గరే వేలాడుతుంది. తగ్గించాల్సింది ముందు పిక్సెళ్లను, తర్వాత క్వాలిటీని.

అసలు ఫొటో కాపీ తెరవండి. క్రాప్ సాధనంలో నిష్పత్తిని 7:9కి కట్టేయండి (35:45 అంటే అదే). తల, భుజాలు వచ్చేలా కత్తిరించండి. స్కేల్ ఇమేజ్‌లో వెడల్పు 413, ఎత్తు 531 పెట్టండి, 300 డీపీఐలో 35×45 మిల్లీమీటర్లకు వచ్చే పిక్సెళ్లు ఇవే. ఫారంలో వేరే పిక్సెల్ కొలతలు ఇచ్చి ఉంటే వాటినే పాటించండి. కొద్దిగా షార్పెన్ చేయండి. ఎక్స్‌పోర్ట్‌లో జేపెగ్, క్వాలిటీ 85. అదే పెట్టెలో ఎగ్జిఫ్, ఎక్స్ఎంపీ (రెండూ ఫొటో గురించి ఫైల్లో దాగి ఉండే వివరాలు), థంబ్‌నెయిల్ (బుల్లి నకలు) టిక్కులు తీసేయండి, వాటికే కొన్ని కేబీలు పోతాయి. ఇంకా 50 దాటితే 80, 75 అని దిగండి. సాదా నేపథ్యం ఉన్న ఫొటోకు అంతకంటే కిందికి వెళ్లాల్సిన అవసరం పడదు. పడిందంటే చీకట్లో తీసిన ఫొటో అయి ఉంటుంది. చీకటి ఫొటోల్లోని ఇసుక రేణువుల్లాంటి గరుకును కుదించడం కష్టం. వెలుతురులో మళ్లీ తీయండి.

ఒక్కో ప్రయత్నానికీ అసలు ఫైలు నుంచే ఎక్స్‌పోర్ట్ చేయండి. ముందు ప్రయత్నంలో వచ్చిన జేపెగ్‌నే మళ్లీ కుదించుకుంటూ పోవద్దు.

ఫైలు 3 ఎంబీయే, తెరిస్తే కంప్యూటర్ ఎందుకు నత్తనడక నడుస్తోంది?

3 ఎంబీ అన్నది మడతపెట్టిన సైజు. విప్పితే 4000×3000 బొమ్మలో 1.2 కోట్ల పిక్సెళ్లు. పారదర్శకతతో కలిపి ఒక్కోదానికి 4 బైట్లంటే ఒక లేయర్‌కు 4.8 కోట్ల బైట్లు, దాదాపు 48 ఎంబీ. పది లేయర్లు 480. 16 బిట్లలో (ఒక్కో సంఖ్యకు ఒకటికి బదులు రెండు బైట్లు) పనిచేస్తే దానికి రెట్టింపు, అన్‌డూ చరిత్ర అదనం. అవసరం తీరిన లేయర్లు కలిపేయండి, పని సైజు ముందే తేల్చుకోండి.

తెర మీద మెరిసిన రంగు ప్రింటులో ఎందుకు వెలవెలబోయింది?

తెర వెలుగును చిమ్ముతుంది, కాగితం మీది ఇంకు వెలుగును మింగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిపితే తెలుపు వస్తుంది. సయాన్, మెజెంటా, పసుపు ఇంకులు కలిపితే మురికి గోధుమ వస్తుంది, అందుకే నల్ల ఇంకు నాలుగోదిగా చేరింది. తెర చూపించగల నియాన్ ఆకుపచ్చ, మిరుమిట్లు గొలిపే నీలం ఈ నాలుగు ఇంకులకూ అందవు. మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ వాటిని అందే రంగుల్లో దగ్గరిదానికి లాగేస్తుంది. నీలం ఊదాలోకి జారడం అందుకే.

ప్రెస్ వాళ్లు ఇచ్చిన ప్రొఫైల్‌తో (వాళ్ల ఇంకులు, కాగితం ఏ రంగులు ఇవ్వగలవో చెప్పే ఫైలు) 'సాఫ్ట్ ప్రూఫ్', అంటే అచ్చులో ఎలా వస్తుందో తెర మీదే చూపే సదుపాయం, పెట్టుకుని పని చేయండి. ఆర్‌జీబీ (తెర మూడు రంగులు) నుంచి సీఎంవైకేకు (నాలుగు ఇంకులు) మార్పు చివర్లో ఒక్కసారే. చిన్న నల్ల అక్షరాలను నాలుగు ఇంకులతో వేయొద్దు, నలుపు 100 శాతం, మిగతా మూడూ 0 ఉంచండి. లేకపోతే నాలుగు ప్లేట్లలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా అక్షరం పక్కన రంగు నీడ వస్తుంది. అంచుదాకా రంగు ఉంటే నాలుగు వైపులా కోత గీత దాటి మరో 3 మిల్లీమీటర్లు రంగును పొడిగించండి (దీన్నే బ్లీడ్ అంటారు), కోత కత్తి అటూ ఇటూ అయినా తెల్ల గీత కనపడదు.

#336699 వంటి రంగు కోడ్‌ను ఎలా చదవాలి?

రెండేసి అంకెలు ఒక్కో రంగుకు: ఎరుపు 33, ఆకుపచ్చ 66, నీలం 99. అవి 16 ఆధారంగా రాసినవి కాబట్టి మన లెక్కలో 51, 102, 153. వెలిసిన నీలం.

నలుపు, తెలుపు సగం సగం కలిస్తే 128 రావాలి కదా, 188 అంటారేమిటి?

ఇది చాలా పుస్తకాలు దాటేసే సంగతి, సాఫ్ట్‌వేర్లు కూడా తప్పు చేసేది ఇక్కడే. ఫైల్లోని సంఖ్య వెలుగు మోతాదు కాదు. చీకటి ఛాయల్లో కన్ను సన్నటి తేడా కూడా పడుతుంది కాబట్టి ఉన్న 256 మెట్లలో ఎక్కువ భాగం చీకటివైపు కేటాయించారు. ఆ వంపునే గామా అంటారు. మామూలు ఎస్‌ఆర్‌జీబీ (తెరలకు, వెబ్‌కు వాడే రంగుల ప్రమాణం) బొమ్మలో 128 అంటే పూర్తి వెలుగులో సగం కాదు, అయిదో వంతుకు కాస్త ఎక్కువ. నిజమైన సగం వెలుగు 188 దగ్గర ఉంటుంది.

మీరే చూడొచ్చు. ఒక పిక్సెల్ నల్ల గీత, ఒక పిక్సెల్ తెల్ల గీత చొప్పున అడ్డ చారలతో ఒక పెట్టె నింపండి. పక్కనే 128 బూడిదతో ఒకటి, 188తో ఒకటి గీయండి. జూమ్ సరిగ్గా 100 శాతం పెట్టి నాలుగు అడుగులు వెనక్కి జరగండి. చారలు కలిసిపోయి 188 పెట్టెతోనే జత కుదురుతాయి. ఇప్పుడు అదే బొమ్మను సగానికి తగ్గించండి. చారల పెట్టె 128కి పడిపోతే మీ సాఫ్ట్‌వేర్ గామాను పట్టించుకోకుండా సగటు తీస్తోందన్నమాట. రాత్రి దీపాల ఫొటోలను చిన్నవి చేస్తే దీపాలు ఆరిపోయినట్టు కనిపించడం, ఎరుపు మీద ఆకుపచ్చ బ్లర్ చేస్తే మధ్యలో బురద గీత రావడం దీనివల్లే. గింప్‌లో ప్రెసిషన్ దగ్గర 'లీనియర్ లైట్' ఎంచుకుని పని చేస్తే సరిపోతుంది.

ఆకాశంలో చారలు చారలుగా వస్తున్నాయి.

ఒక ఛాయలో ఉన్నవి 256 మెట్లే. ఆకాశం 180 నుంచి 200 వరకే మారుతుంటే వేల పిక్సెళ్ల మేర పరచడానికి దక్కేవి 20 మెట్లు. కాంట్రాస్ట్ పెంచగానే మెట్ల మధ్య ఖాళీ పెరిగి చార కనిపిస్తుంది, హిస్టోగ్రామ్ (ఏ ఛాయలో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే పటం) దువ్వెన పళ్లలా మారుతుంది. సవరణలకు ముందే 16 బిట్లకు మార్చుకోండి. ఇప్పటికే చారలు పడి ఉంటే చివర్లో అతి కొద్దిగా నాయిస్ (ఇసుక రేణువుల్లాంటి గరుకు) చల్లండి, కన్ను మోసపోతుంది.

బ్రైట్‌నెస్ కంటే లెవెల్స్, కర్వ్స్ ఎందుకు మేలు?

పాత తరహా బ్రైట్‌నెస్ అన్ని సంఖ్యలకూ ఒకే మొత్తం కలుపుతుంది. 40 కలిపితే 220, 230, 240 అన్నీ 255కే చేరి ఒకటైపోతాయి, మబ్బులోని వివరం మాయం. సేవ్ చేశాక మళ్లీ 40 తీసేస్తే మూడూ 215 అవుతాయి. లెవెల్స్‌లో ఎడమ పిడిని హిస్టోగ్రామ్ గుట్ట మొదలయ్యే చోటికి, కుడి పిడిని ముగిసే చోటికి జరపండి, తర్వాత మధ్య పిడితో మొత్తం వెలుగు సర్దండి. కర్వ్స్‌లో ముఖం ఉన్న ఛాయను మాత్రమే పైకి లాగి మబ్బును కదలకుండా ఉంచొచ్చు.

లేయర్ మాస్క్ ఎందుకు? ఎరేజర్ చాలదా?

ఎరేజర్‌తో తుడిచింది పోయింది. మాస్క్ మీద నలుపు పూస్తే ఆ భాగం దాగుతుంది, తెలుపు పూస్తే తిరిగొస్తుంది, బూడిద పూస్తే సగం కనిపిస్తుంది. రేపు మనసు మారినా భయం లేదు.

నేపథ్యం తీసేశాక బొమ్మ చుట్టూ తెల్లటి అంచు మిగులుతోంది.

జుట్టు అంచులోని పిక్సెల్ పూర్తిగా జుట్టూ కాదు, పూర్తిగా గోడా కాదు, రెండింటి కలయిక. గోడను తీసేసినా ఆ పిక్సెల్‌లో గోడ రంగు ఇంకి ఉంటుంది. గట్టి అంచులున్న వస్తువైతే సెలక్షన్‌ను ఒక పిక్సెల్ లోపలికి కుదించి, అర పిక్సెల్ ఫెదర్ ఇవ్వండి (అంచును మెత్తబరచండి). జుట్టుకు అది పనిచేయదు. అక్కడ 'డికంటామినేట్' (అంచులో ఇంకిన నేపథ్యం రంగును తీసే సదుపాయం) ఉంటే వాడండి, లేదా పైన కొత్త లేయర్ వేసి, దాన్ని కింది లేయర్‌కు క్లిప్ చేసి (కింది బొమ్మ ఉన్నచోటే కనిపించేలా), పక్క జుట్టు రంగును అంచు మీద కుంచెతో పూయండి. పని అయిందో లేదో తెలుపు మీద చూసి నమ్మకండి. కింద ఒకసారి ముదురు నీలం, ఒకసారి నడిమి బూడిద పరిచి చూడండి.

బొమ్మలో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోతున్నాయి.

'స్త్రీ' అని తెరపై కనిపించేది ఒక అక్షరంలా ఉన్నా లోపల ఆరు సంకేతాలుంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. వాటిని కూర్చే ఎంజిన్ లేకపోతే విడివిడిగా కనిపిస్తాయి. గింప్, ఇంక్‌స్కేప్, క్రిటాల్లో అది ముందే ఉంటుంది. పాత ఫొటోషాప్ వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దక్షిణాసియా లిపులకు పనికొచ్చే టెక్స్ట్ ఎంజిన్ ఎంచుకుని, సాఫ్ట్‌వేర్ మూసి తెరిచి, కొత్త టెక్స్ట్ లేయర్ మీద ప్రయత్నించండి. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసిన మ్యాటర్ అయితే సమస్య వేరు, ఫాంటు మార్చగానే పిచ్చిగీతలవుతుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

పంక్తుల మధ్య దూరం కూడా ఆంగ్లానికి సరిపోయినంత పెడితే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులకు తగులుతాయి. అక్షరం సైజుకు 1.4 నుంచి 1.6 రెట్లు ఇవ్వండి. ప్రెస్‌కు పంపేముందు అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చండి, మార్చని కాపీ మీ దగ్గర ఉంచుకోండి. అవుట్‌లైన్ చేశాక అచ్చుతప్పు కనపడితే దిద్దే దారి ఉండదు.

ఫోన్లో నిలువుగా ఉన్న ఫొటో కంప్యూటర్లో అడ్డంగా పడుకుంటోంది.

ఫోన్ పిక్సెళ్లను తిప్పదు, ఎగ్జిఫ్‌లో 'ఇలా తిప్పి చూపించు' అని 1 నుంచి 8 వరకు ఒక సంఖ్య రాస్తుంది. 6 అంటే సవ్యదిశలో 90 డిగ్రీలు. ఆ సంఖ్యను చదవని సాఫ్ట్‌వేర్లో ఫొటో పడుకునే ఉంటుంది. ఎడిటర్లో తెరిచి, తిప్పాలా అని అడిగినప్పుడు ఒప్పుకుని, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. అదే ఎగ్జిఫ్‌లో ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉండొచ్చు, బయట పెట్టేముందు తీసేయండి.

కెమెరా 'రా' ఫైలులో అంత ప్రత్యేకత ఏముంది?

సెన్సర్‌లో ఒక్కో గుంట ఒక్క రంగునే కొలుస్తుంది. 1976లో కొడాక్‌లో బ్రైస్ బేయర్ పేటెంట్ పొందిన అమరికలో సగం గుంటల మీద ఆకుపచ్చ అద్దం, పావు ఎరుపు, పావు నీలం. అంటే పూర్తయిన ఫొటోలో మూడింట రెండు వంతుల సంఖ్యలు పక్కవాటిని చూసి నింపినవే. రా ఫైలు ఆ నింపుడుకు ముందటి కొలతలను దాస్తుంది, అదీ 12 లేదా 14 బిట్లలో: 256 మెట్లకు బదులు 4,096 లేదా 16,384. చీకటి ముఖాన్ని వెలిగించాలన్నా, రంగు మొగ్గు సరిదిద్దాలన్నా అక్కడ సరుకు ఉంటుంది.

3డీ బొమ్మ ఎలా తయారవుతుంది?

అన్నీ త్రిభుజాలే. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే సమతలంలో ఉంటాయి కాబట్టి లెక్క తప్పదు. ప్రతి త్రిభుజాన్నీ కెమెరా వైపు తిప్పి, తెర మీదికి దించి, అది కప్పే పిక్సెళ్లకు రంగు లెక్క కడతారు. ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చడానికి ప్రతి పిక్సెల్ దగ్గరా దూరాన్ని రాసుకునే జెడ్ బఫర్ ఉంటుంది. 1920×1080 తెరలో 20,73,600 పిక్సెళ్లు, సెకనుకు 60 సార్లంటే 12 కోట్లకు పైనే. జీపీయూ (గ్రాఫిక్స్ లెక్కల కోసం చేసిన చిప్) అవసరం అక్కడే. రే ట్రేసింగ్ మాత్రం తిరగేసి, ఒక్కో పిక్సెల్ నుంచి కిరణాన్ని దృశ్యంలోకి పంపి అది ఏ వస్తువుకు తగిలిందో, అక్కడి నుంచి ఎటు వెళ్లిందో చూస్తుంది. అద్దాలు, నీడలు సహజంగా వస్తాయి, సమయం పడుతుంది. 1975లో మార్టిన్ న్యూవెల్ కొలిచి పెట్టిన టీ కుండ, ఉటా టీపాట్, ఇప్పటికీ కొత్త పద్ధతులకు పరీక్ష వస్తువు.

కొత్తవాళ్లకు వచ్చే రెండు జబ్బులు. రెండు పలకలు ఒకే లోతులో ఉంటే ఏది ముందో జెడ్ బఫర్ తేల్చుకోలేక మిణుకు మిణుకుమంటుంది. ఒకదాన్ని రవ్వంత జరపండి. దూరంలో మాత్రమే మిణుకుతుంటే కెమెరా క్లిప్పింగ్‌లోని దగ్గరి హద్దును 0.001 నుంచి 0.1కి పెంచండి. రెండోది, కొన్ని పలకలు నల్లగా రావడం. ఆ పలకల నార్మల్ (పలక ఎటు చూస్తోందో చెప్పే దిశ) లోపలికి తిరిగి ఉంటుంది. బ్లెండర్‌లో ఎడిట్ మోడ్‌లోకి వెళ్లి, అన్నీ సెలెక్ట్ చేసి, షిఫ్ట్ పట్టుకుని ఎన్ నొక్కండి.

ఫొటోలో నంబరు మీద గీత గీసి దాచాను. దాగినట్టేనా?

ఫోన్లోని హైలైటర్ రకం కలంతో గీస్తే దాగలేదు. అది పూర్తి నలుపు కాదు, వెలుగు పెంచితే కింది అంకెలు బయటపడతాయి. బ్లర్, మొజాయిక్ కూడా నమ్మదగినవి కావు. అంకెలు పదే కాబట్టి ఒక్కోదాన్నీ అదే విధంగా మసకబార్చి పోల్చి చూసేవాళ్లుంటారు. పీడీఎఫ్‌లో నల్ల పెట్టె గీస్తే కింది అక్షరాలను సెలెక్ట్ చేసి కాపీ చేసుకోవచ్చు. ఆ చోటును దీర్ఘచతురస్రంగా సెలెక్ట్ చేసి, 100 శాతం ఒపాసిటీతో ఒకే రంగు నింపి, లేయర్లన్నీ ఫ్లాటెన్ చేసి (ఒక్కటిగా కలిపి), మెటాడేటా (ఎగ్జిఫ్ వంటి వివరాలు), థంబ్‌నెయిల్ లేకుండా కొత్త పేరుతో పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ కొత్త ఫైలును తెరిచి, లెవెల్స్‌లో కుడి పిడిని ఎడమ చివరిదాకా లాగి, పెట్టెలో ఏమీ తేలడం లేదని చూశాకే పంపండి.